ఇంటి భాష పీఠమెక్కిన దారి

జగిత్యాల కోటను నేల మీద నిలబడి చూస్తే రాతి గోడ, కందకం, బురుజు కనిపిస్తాయి. నక్షా మీద చూస్తే నక్షత్రం కనిపిస్తుంది. మూలలు మొనదేలి ముందుకు చొచ్చుకొచ్చి ఉంటాయి. ఒక మొన మీది ఫిరంగి పక్క మొనకు కాపలా. 1747లో ఇబ్రహీం ఖాన్ ధంసా ఏలుబడిలో, ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో ఈ కోట లేచింది. వాళ్లు తెచ్చిన నమూనా పుట్టిల్లు ఇటలీ. ఫిరంగి గుండ్లకు ఎత్తైన నిలువు గోడలు కూలిపోతుంటే 15, 16 శతాబ్దాల ఇటలీ వాస్తుశిల్పులు గోడల ఎత్తు తగ్గించి, మందం పెంచి, మూలలను కోణాలుగా మలిచారు. 1529లో ఫ్లోరెన్స్ నగరం ముట్టడికి సిద్ధమవుతున్నప్పుడు బురుజుల నక్షాలు గీసినవాళ్లలో మైకెలాంజెలో ఒకడు. ఇటలీలో పుట్టిన ఆ ఆలోచన జగిత్యాలకు రాయి రూపంలో చేరి రెండు వందల డెబ్బై ఏళ్లు దాటింది.

ఇటలీ భాష, సాహిత్యం మాత్రం ఇంత దూరం రాలేదు. కోరుట్ల నుంచో సిరిసిల్ల నుంచో ఎవరైనా ఇటాలియన్ నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూకు వెళ్లాలి. లేదంటే ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని జర్మానిక్, రోమాన్స్ అధ్యయన శాఖ తలుపు తట్టాలి. అయినా ఇటాలియన్ సాహిత్యం విశ్వవిద్యాలయంలో పాఠమైన తీరు తెలుసుకుంటే ఈ మూడు ఊళ్ల పాతతరం చదువరులకు అది పరాయి కథలా అనిపించదు. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, చదువుకునే భాష మరొకటి. ఇంటి భాషలో సాహిత్యం ఉందని, అది పెద్ద చదువుకు తగినదని నిరూపించుకోవలసి రావడం. డాంటే వారసులూ ఇది పడ్డారు, నిజాం ఏలుబడిలోని తెలుగువాళ్లూ పడ్డారు.

డాంటే కాలానికి బొలోన్యా, పాడువా విశ్వవిద్యాలయాలు అప్పటికే పేరున్న విద్యాస్థానాలు. అక్కడ వైద్యం, న్యాయశాస్త్రం, తర్కం అన్నీ లాటిన్‌లోనే. జనం మాట్లాడే భాషలో గొప్ప కవిత్వం రాయవచ్చని వాదిస్తూ డాంటే 1303 ప్రాంతంలో ఒక గ్రంథం మొదలుపెట్టాడు. పండితులు చదవాలి కాబట్టి దాన్నీ లాటిన్‌లోనే రాశాడు. అది సగంలో ఆగిపోయింది. వాదనకు రుజువుగా మిగిలింది ఆయన 'డివైన్ కామెడీ': నూరు సర్గలు, 14,233 పాదాలు, అంతా జనభాషలో. 1302లో ఫ్లోరెన్స్ ఆయన్ని వెళ్లగొట్టింది. 1321లో రావెన్నాలో పరాయి నేల మీదే కన్నుమూశాడు.

వెళ్లగొట్టిన నగరమే తర్వాత ఆయన కావ్యానికి వేదిక వేసింది. 1373లో ఫ్లోరెన్స్ పౌరులు కొందరు డాంటే కావ్యాన్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పించమని నగరపాలకులకు అర్జీ పెట్టుకున్నారు. పాలకులు ఒప్పుకుని ఆ పని రచయిత బొకాచియోకు అప్పగించారు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు. ఆ అక్టోబరులో ఒక చర్చిలో ఉపన్యాసాలు మొదలయ్యాయి. జనభాషలోని కావ్యాన్ని ప్రజాధనంతో, నగరం నడిబొడ్డున పాఠంగా చెప్పడం కొత్త సంగతి. ఆరోగ్యం చెడి కొన్ని నెలలకే, కావ్యం మొదటి భాగంలోని 17వ సర్గ దగ్గర ఆయన ఆపేశాడు; 1375లో పోయాడు. ఆ అర్జీ పెట్టింది పండితులు కాదు, ఊరివాళ్లు. ఈ వివరాన్ని జ్ఞాపకం పెట్టుకుని సిరిసిల్లకు రావాలి.

1918లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించాడు. మరుసటి ఏడు తరగతులు మొదలయ్యాయి. ఒక భారతీయ భాషలో పైచదువు చెప్పిన తొలి ఆధునిక విశ్వవిద్యాలయం అదే. దానికోసం ముందుగానే 'దారుల్ తర్జుమా' అనే అనువాద సంస్థను నెలకొల్పి, చరిత్ర నుంచి వైద్యం దాకా వందల పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. ఇంగ్లీషు లేకపోతే విజ్ఞానం లేదనుకునే రోజుల్లో అది ధైర్యమైన పని, ఆ ఘనతను ఎవరూ తక్కువ చేయకూడదు. కాని హైదరాబాద్ సంస్థానంలో దాదాపు సగం మంది తెలుగు మాట్లాడేవాళ్లు. మరాఠీ, కన్నడం మాట్లాడే జిల్లాలు వేరే ఉన్నాయి. కరీంనగర్ జిల్లాలోని నేతపని ఇంటి పిల్లవాడికి, రైతు ఇంటి పిల్లవాడికి ఉర్దూ బడిలో మొదటిసారి ఎదురయ్యే భాష. ఉస్మానియాలో తెలుగు ఒక పాఠ్యాంశంగా ఉండేది. రాయప్రోలు సుబ్బారావు అంతటి కవి అక్కడ తెలుగు ఆచార్యుడిగా పనిచేశాడు. అయితే ఆయన తరగతి దాకా చేరడానికి పిల్లవాడు పదేళ్లకు పైగా ఉర్దూలో నడవాలి.

తెలుగు గొంతు ఎంత వెనకబడిందో 1921 నవంబరులో బయటపడింది. హైదరాబాద్‌లోని వివేకవర్ధనిలో సంఘసంస్కరణ సభ జరుగుతోంది. వక్తలు ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో మాట్లాడారు. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో గోల, ఎగతాళి. ఆయన మాట సాగలేదు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు కూడి ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. అది పెరిగి పెరిగి 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభగా తొలి సమావేశం జరుపుకుంది.

నాలుగో సమావేశానికి వేదిక సిరిసిల్ల. 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షుడు. గ్రంథాలయాల కోసం, తెలుగు బడుల కోసం జీవితమంతా వెచ్చించిన మనిషి. 1928లో హైదరాబాద్ నారాయణగూడలో బాలికలకు తెలుగు మాధ్యమంలో బడి పెట్టించిన ఘనత ఆయనది. మగ్గాల ఊరైన సిరిసిల్లకు ఇలాంటి వాళ్లంతా తరలివచ్చి, సంస్థానంలో తెలుగువాళ్ల చదువు గురించి, బాగోగుల గురించి చర్చించడం ఆ ప్రాంతానికి మామూలు సంఘటన కాదు. అంతకు ముందటేడు, 1934లో, సురవరం ప్రతాపరెడ్డి 354 మంది తెలంగాణ కవుల వివరాలతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న మాటకు ఆయన ఇచ్చిన జవాబు అది. ఫ్లోరెన్స్ పౌరుల అర్జీకి సాటి రాగలది తెలుగుగడ్డ మీద వెతికితే ఈ సంచికా, ఈ సభలే దొరుకుతాయి. విశ్వవిద్యాలయం అడగకముందే ఊళ్లు అడిగాయి.

సభ జరిగిన ఏటికి, సిరిసిల్లకు దగ్గర్లోని హనుమాజీపేటలో ఒక రైతు ఇంటి పిల్లవాడికి నాలుగేళ్లు. 1931 జులై 29న పుట్టాడు. పేరు సింగిరెడ్డి నారాయణరెడ్డి. తర్వాత లోకానికి సినారె.

ఆయన చదువు దారిని కాస్త నిదానంగా చూడాలి. వీధిబడిలో అక్షరాలు దిద్దాడు. ఊళ్లో హరికథలు, జంగం కథలు, జానపద గేయాలు విన్నాడు. చెవి అక్కడ తయారైంది. మాధ్యమిక విద్య సిరిసిల్లలో, ఉన్నత పాఠశాల కరీంనగర్‌లో, రెండూ ఉర్దూ మాధ్యమం. హైదరాబాద్ చాదర్‌ఘాట్ కాలేజీలో ఇంటర్మీడియట్, ఉస్మానియాలో బి.ఏ., అవీ ఉర్దూలోనే. ఇరవై ఏళ్ల వయసు దాకా లెక్కలు, చరిత్ర, రాజనీతి అన్నీ ఉర్దూ అక్షరాల్లో నేర్చుకున్న మనిషి, ఎం.ఏ.కు వచ్చేసరికి తెలుగును ఎంచుకున్నాడు. హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అప్పటి తెలుగు విద్యార్థులకు పెద్ద ఆదరువు. బడి ఇవ్వని తెలుగును గ్రంథాలయం ఇచ్చింది. సినారె కూడా ఆధునిక తెలుగు కవులను అక్కడి పుస్తకాల్లోనే దగ్గరగా చదివాడు.

1962లో ఉస్మానియా ఆయనకు డాక్టరేటు ఇచ్చింది. పరిశోధనాంశం ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాలు, ప్రయోగాలు. పుస్తకంగా వచ్చాక అది తెలుగు ఎం.ఏ. చదివేవాళ్లకు చేతిపుస్తకమైంది, ఈనాటికీ పోటీపరీక్షల అభ్యర్థులు దాన్ని తిరగేస్తూనే ఉంటారు. ఆధునిక కవిత్వాన్ని, అంటే కవులు ఇంకా బతికి ఉండి రాస్తున్న కవిత్వాన్ని, విశ్వవిద్యాలయ పరిశోధనకు అర్హమైనదిగా నిలబెట్టడం ఆ రోజుల్లో తేలిక కాదు. అంతకు ఆరేళ్ల ముందు, 1956లో, బిరుదురాజు రామరాజు ఇదే విశ్వవిద్యాలయంలో జానపద గేయసాహిత్యం మీద డాక్టరేటు సాధించారు. దంపుళ్ల పాట, బతుకమ్మ పాట కూడా ఆచార్యుల ముందు బల్ల మీదికి వచ్చాయి. ఆ కొద్ది సంవత్సరాల్లో ఉస్మానియా తెలుగు శాఖ చేసిన మేలు చాలా పెద్దది. దాని విలువను తెలుగు సమాజం సరిగా లెక్కకట్టలేదు.

డాక్టరేటు వచ్చిన ఆ ఏడే 'గులేబకావళి కథ'తో సినారె సినిమా పాటల్లోకి అడుగుపెట్టాడు. తరగతిలో కావ్యపాఠం, రాత్రి పాటల రచన. ఆచార్యుడు పాటలు రాయడమేమిటని ముఖం చిట్లించినవాళ్లు లేకపోలేదు. వాళ్లకు లోరెంజో డా పోంటె కథ వినిపించాలి.

డా పోంటె మోజార్ట్ సంగీతానికి సాహిత్యం కూర్చినవాడు. 'ఫిగారో పెళ్లి', 'డాన్ జొవాన్ని', 'కొసీ ఫాన్ తుత్తె' అనే మూడు సంగీత నాటకాలు 1786 నుంచి 1790 లోపు ఆయన కలం నుంచి వచ్చినవే. అప్పుల బాధతో 1805లో అమెరికా చేరి, కిరాణా దుకాణం నడిపి, ఇళ్లలో పిల్లలకు ఇటాలియన్ చెప్పుకుంటూ బతికాడు. 1825లో న్యూయార్క్‌లోని కొలంబియా కాలేజీ ఆయన్ని తమ తొలి ఇటాలియన్ ఆచార్యుడిగా నియమించింది. అప్పటికి ఆయనకు 76 ఏళ్లు. జీతం లేదు, విద్యార్థులు కట్టే ఫీజే ఆదాయం, ఆ విద్యార్థులూ తక్కువే. అయినా ఇటలీ నుంచి పుస్తకాలు తెప్పించి గ్రంథాలయాలకు చేర్చాడు. అమెరికాలో ఇటాలియన్ చదువుకు పునాది వేసింది ఒక పాటల రచయిత. మూడేళ్లకు, 1828లో, లండన్‌లో కొత్తగా వెలసిన విశ్వవిద్యాలయంలో ఇటాలియన్ పీఠం ఆంతోనియో పనిజ్జికి దక్కింది. రాజకీయ కారణాలతో దేశం విడిచిపోయిన మనిషి ఆయన. దేశం ఒక్కటి కాకముందే, ఇటాలియన్ సాహిత్యానికి పరాయి నేల మీద పీఠాలు దొరికాయి. ఇటాలియన్ సాహిత్య చరిత్రను 1870లో గ్రంథంగా వెలువరించిన ఫ్రాంచెస్కో డి సాంక్టిస్ కూడా అంతకుముందు జ్యూరిక్‌లో ప్రవాసిగా పాఠాలు చెప్పినవాడే.

ప్రవాసం అన్న మాట తెలంగాణ విద్యార్థులకూ తగులుతుంది. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి బహిష్కృతులైన విద్యార్థులకు నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. వాళ్లలో అప్పటి కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి.నరసింహారావు ఒకరు. స్పానిష్ సహా ఎన్నో భాషలు నేర్చి, విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్'గా హిందీలోకి తెచ్చింది ఆయనే.

ఆ విశ్వనాథే 1959లో కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చి 1961 దాకా ఉన్నారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలకు అప్పట్లో పైచదువంటే మొదట గుర్తొచ్చే ఊరు కరీంనగర్. మారుమూల జిల్లా అనిపించుకున్న చోట, తెలుగులో అంతటి రచయిత కళాశాల పెద్దగా కూర్చున్నాడు. తెలుగుకు తొలి జ్ఞానపీఠం 1970 సంవత్సరానికి విశ్వనాథకు వచ్చింది. రెండోది 1988 సంవత్సరానికి 'విశ్వంభర' కావ్యంతో సినారెకు వచ్చింది. ఇద్దరి కథలోనూ కరీంనగర్ ఉంది. ఒకరు పాఠశాల విద్యార్థిగా, ఒకరు ప్రిన్సిపాల్‌గా ఆ ఊళ్లో తిరిగారు.

ఉర్దూ చదువు సినారెకు నష్టం చేసిందా? లేదనే చెప్పాలి. తెలుగులో గజల్ రాయడం, దాన్ని సభల్లో తానే గొంతెత్తి పాడడం ఆయనకు సాధ్యమైంది ఆ చదువు వల్లనే. తప్పు ఉర్దూది కాదు; పిల్లవాడి ఇంటి భాషకు బడిలో చోటివ్వని ఏర్పాటుది. ఆ రెంటినీ కలిపి చూసే అలవాటు ఇప్పటికీ పోలేదు. అందువల్ల సిరిసిల్ల, జగిత్యాలల్లోని ముషాయిరాల, అంటే ఉర్దూ కవిసమ్మేళనాల, చరిత్ర తెలుగు సాహిత్య చరిత్ర పక్కన కూర్చోలేకపోతోంది. కూర్చోవాలి.

పీఠం దక్కాక కూడా ఇంకో చిక్కు మిగిలింది. తెలుగు పాఠ్యపుస్తకంలోని తెలుగు ఎవరిది? కోరుట్ల ఇంట్లో మాట్లాడే మాట, యాస పుస్తకంలో లేవు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడ్డాక బడికి వచ్చింది తెలుగే అయినా, అది కోస్తా జిల్లాల వాడుకకు దగ్గరగా ఉన్న తెలుగు. తన నోటి మాట తప్పని పరీక్షలో దిద్దించుకున్న తరాలు ఈ ఊళ్లలో ఉన్నాయి. ఇటలీలో ఇది ఇంకా తీవ్రం. 1861లో దేశం ఏకమైనప్పుడు ఇటాలియన్ మాట్లాడగలవాళ్లు నూటికి రెండున్నర మందేనని భాషావేత్త తుల్లియో డి మౌరో అంచనా వేశాడు. మరికొందరు పండితులు పది దాకా ఒప్పుకున్నారు. మిగతా అందరివీ మిలాన్, నేపుల్స్, వెనిస్, సిసిలీ భాషలే. మిలాన్‌వాడైన నవలాకారుడు మన్జోనీ ఇంట్లో మాట్లాడింది మిలాన్ భాష, చదువరుల మధ్య ఫ్రెంచి. 1827లో తన పెద్ద నవల అచ్చయ్యాక ఫ్లోరెన్స్ వెళ్లి, అక్కడి జనం మాట విని, నవల మొత్తాన్ని ఆ వాడుకలోకి తిరగరాసి 1840లో మళ్లీ వెలువరించడం మొదలుపెట్టాడు. ఇటలీ బడిపిల్లలు ఇప్పటికీ ఆ రెండో రూపాన్నే చదువుతారు. మిలాన్ మాట నవలలోంచి వెళ్లిపోయింది. తెలంగాణలో కవి కాళోజీ దీనికి ఎదురు దారి పట్టారు. ఇంటి యాసను పుస్తకంలోకి తెచ్చి నిలబెట్టారు. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని రాష్ట్రం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటోంది.

విశ్వవిద్యాలయం గడప తొక్కకుండానే కవి అయినవాడు జగిత్యాలలో ఉన్నాడు. అలిశెట్టి ప్రభాకర్ బొమ్మలు గీసేవాడు, ఫొటో స్టూడియో నడిపేవాడు. జగిత్యాల నుంచి కరీంనగర్, అక్కడి నుంచి హైదరాబాద్. 'ఎర్ర పావురాలు'తో 1978లో మొదలై 'సిటీలైఫ్' దాకా, నాలుగైదు పంక్తుల్లో కత్తిలాంటి కవిత రాశాడు. ఆంధ్రజ్యోతి దినపత్రికలో సిటీలైఫ్ ఏళ్లతరబడి వచ్చింది. క్షయతో, పేదరికంతో 1993 జనవరి 12న చనిపోయాడు. ఆయన కవిత్వమంతా తర్వాత ఒక్క సంపుటిగా వచ్చింది. డిగ్రీ లేని కవిని ఇప్పుడు డిగ్రీల కోసం చదువుతున్నారు. డాంటేకూ ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్య పీఠం దక్కలేదు.

నేటి సంగతి. జగిత్యాల దగ్గరి పొలాసలో వ్యవసాయ కళాశాల, నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల, సిరిసిల్లలో వ్యవసాయ, ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. రైతు బిడ్డలకు, బీడీ కార్మికుల బిడ్డలకు, గల్ఫ్ వెళ్లినవాళ్ల బిడ్డలకు ఇవి నిజమైన మెట్లు. అయితే తెలుగులో ఎం.ఏ.కు విద్యార్థి ఇప్పటికీ కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయం వైపో, ఉస్మానియా వైపో చూడాలి. సినారె పుట్టిన జిల్లాలో, అలిశెట్టి పుట్టిన జిల్లాలో సాహిత్యానికీ ఒక పైతరగతి ఉండాలని అడగడం అత్యాశ కాదు. అందులో తెలుగు పక్కన ఉర్దూ ఉంటే సహజంగా ఉంటుంది. ఒక పరాయి సాహిత్యం కూడా ఉంటే ఇంకా మేలు. 1958లో ఇంగ్లీషు బోధన కోసం పుట్టి, తర్వాత విదేశీ భాషలను కలుపుకొన్న ఇఫ్లూ ఈ పనికి బస్సు దూరంలోనే ఉంది.

ఆ తరగతిలో మొదటి రోజే పెట్టదగిన పాఠం ఒకటి ఉంది. డాంటే కంటే కొంచెం ముందువాడో సమకాలికుడో అనదగిన పాల్కురికి సోమనాథుడు సంస్కృత వృత్తాలను పక్కనపెట్టి, జనం పాడుకునే ద్విపదలో 'బసవపురాణం' రాశాడు. ద్విపదలో రెండేసి పాదాలకు ప్రాస కలిసి, అక్కడితో ఆ జంట ముగుస్తుంది. డాంటే మూడేసి పాదాల వరస కట్టాడు. మొదటి మూడింటిలో నడిమి పాదం అంత్యప్రాస తర్వాతి మూడింటి మొదటి, చివరి పాదాలకు అందుతుంది. ఆ గొలుసు సర్గ చివరిదాకా తెగదు. ఇటాలియన్ నుంచి నేరుగా తెలుగులోకి వచ్చిన పుస్తకాలు చాలా తక్కువ. ఎక్కువభాగం ఇంగ్లీషు మీదుగా వచ్చినవే. 'కామెడీ'ని మూలం నుంచి తెలుగు చేయాలంటే ఆ గొలుసును ద్విపదలో ఇమడ్చాలా, మంజరీ ద్విపదలాగా ప్రాసను వదిలేయాలా, లేక సినారె 'విశ్వంభర'కు వాడుకున్న వచన కవితను ఎంచుకోవాలా? సమాధానం చెప్పడానికి ఇటాలియన్ రావాలి, ద్విపద నోటికి రావాలి, గజల్‌లో కాఫియా అనే ప్రాస, దాని వెంట మళ్లీ మళ్లీ వచ్చే రదీఫ్ నడిచే తీరు చెవిలో ఉండాలి. ఈ మూడింటిలో చివరి రెండూ సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ఇళ్లల్లో పెరిగిన పిల్లలకు వినికిడి ఉన్నవే.